బీడీ కార్మికులు నోరు విప్పట్లేదు, ప్రశ్నాపత్రం పంచేయమంటారా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఫైనలియర్ చదువుతున్నా. బీడీలు చుట్టే ఆడవాళ్ళ మీద డిజర్టేషన్, గైడ్ క్వాలిటేటివ్ చెయ్యమన్నారు, అంటే అంకెలు కాకుండా మనుషులతో మాట్లాడి, చూసి రాసే పద్ధతి. ఐదుగురిని ఇంటర్వ్యూ చేశా సార్, అందరూ "మంచిగనే ఉంది మేడం" అని ఊరుకుంటున్నారు, ఒక్కోటి పది నిమిషాలు కూడా రావట్లేదు. ఇది వదిలేసి 200 మందికి ప్రశ్నాపత్రం పంచేయనా? నాన్నేమో ముచ్చట్లు పెట్టే చదువుకి జాబ్ ఎవరిస్తారు అంటున్నారు.

అమ్మా, ప్రశ్నాపత్రం జోలికి ఇప్పుడే వెళ్ళకు. 200 మందికి పంచినా నీకొచ్చేది ఆ "మంచిగనే ఉంది" అనే మాటే.

నువ్వు పంపిన ప్రశ్నల లిస్టు చూశా. మొదటిదే "మీ సామాజిక ఆర్థిక స్థితిగతులు ఎలా ఉన్నాయి" అని ఉంది, అది మనం పరీక్షల్లో రాసే భాష, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చున్న ఆమెకి దానికేం చెప్పాలో ఎట్లా తెలుస్తుంది చెప్పు. రెండోది "ఆరోగ్య సమస్యలు ఉన్నాయా" అని, దానికి ఉన్నయ్ లేకపోతే లేవ్, అంతటితో అయిపోతుంది. వాటి బదులు "నిన్న పొద్దుగాల లేసినకాన్నుంచి పండుకునే దాకా ఏమేం పని చేసినవ్ అక్కా" అని అడుగు. నిన్న అనే మాట వదలకు. మామూలుగా ఏం చేస్తారు అంటే ఎలా ఉంటే బాగుంటుందో అది చెప్తారు, నిన్న అంటే జరిగింది చెప్తారు. ఆమె ఆగితే "ఆ తర్వాత?" అను, అని ఊరుకో, వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకు. కాసేపు మౌనం ఉంటే మనకే ఇబ్బందిగా ఉంటుంది గానీ అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది.

ఇంకో సంగతి, ఇంటర్వ్యూ ఒక్కదాంతోనే పని జరగదు, కళ్ళతో చూడాలి కూడా. ముందు రెండు మూడు రోజులు ప్రశ్నలేం అడగకుండా ఉత్తిగా వెళ్ళి కూర్చో. ఆకు తడపడం, కత్తెరతో కొలతకి కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మూతి మలవడం, ఏ పని ఎవరు చేస్తున్నారు, ఎంతసేపటికి నడుం పట్టుకుంటున్నారు, మధ్యలో పొయ్యి మీద బియ్యం ఎవరు చూస్తున్నారు, అన్నీ చూడు. పిల్లలతో ఈ పని చేపియ్యం అని ఆమె మాటల్లో చెప్పొచ్చు, కానీ బడి నుంచి వచ్చిన పిల్ల బ్యాగ్ పక్కన పడేసి మూతులు మలుస్తూ నీ కంట పడొచ్చు. అప్పుడు ఆమె అబద్ధం చెప్పిందని రాసేయకు, ఎదురుగా నిలదీయకు. ఆమె దృష్టిలో అది పని కాదేమో, అమ్మకి ఆసరాగా ఉండటమేనేమో, ఆ తేడా ఎందుకొచ్చిందో నెమ్మదిగా అడిగి తెలుసుకో, నీ డిజర్టేషన్‌లో అన్నిటికన్నా బలమైన చాప్టర్ అక్కడే ఉంటుంది.

ఎవరితో కలిసి వెళ్తున్నావన్నది కూడా చూసుకో. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకెళ్ళే టేకేదార్ వెంట వెళ్ళావంటే కూలీ గురించి, పనికిరావని తీసేసే బీడీల గురించి ఒక్క మాట బయటికి రాదు. అత్త పక్కనే కూర్చుంటే ఆమెని లేవమనకు, అత్త ఉందని నోట్స్‌లో రాసుకుని ఇంకో పూట మళ్ళీ వెళ్ళు.

మన తెలంగాణలో బీడీ కార్మికులకి గవర్నమెంట్ పెన్షన్ ఉంది కాబట్టి పెన్ను కాగితం పట్టుకుని వచ్చిన ఎవర్ని చూసినా పెన్షన్ సర్వే అనుకునే అవకాశం ఎక్కువ, ఉన్న పెన్షన్ పోతుందేమో అని భయపడి మంచిగనే ఉంది అనడమూ ఉంటుంది. అందుకే మొదటి మాటే నేను చదువుకునే పిల్లని, గవర్నమెంట్ మనిషిని కాను, నావల్ల పెన్షన్ రాదు, పోదు అని చెప్పు. రికార్డింగ్‌కి ముందే అడుగు, వద్దంటే ఫోన్ లోపల పెట్టేయ్. సంతకం అంటే బెదిరేవాళ్ళ దగ్గర నోటి మాటగా ఒప్పుకోలు తీసుకోవచ్చా అని మీ గైడ్‌ని అడిగి పెట్టుకో. రాసేటప్పుడు పేరు మారిస్తే సరిపోదు, చిన్న ఊళ్ళో "ముగ్గురు ఆడపిల్లల తల్లి, కిరాణం పక్కిల్లు" అంటే చాలు మనిషెవరో తెలిసిపోతుంది.

ఎంతమంది అంటావా, ముందే అంకె పెట్టుకోకు. కొత్త మనుషులు చెప్పేదాంట్లో కొత్త సంగతి రావడం ఆగిపోయాక ఇంకో ఇద్దరిని చూసి ఆపేయొచ్చు. కానీ టైమ్ లెక్క వేసుకో, గంట రికార్డింగ్ తెలుగులో టైప్ చెయ్యడానికి నాలుగైదు గంటలు పడుతుంది, 20 మంది అంటే ఎంతో నువ్వే చూసుకో. చూసింది ఆ రాత్రే రాసెయ్, తెల్లారితే సగం పోతుంది. కాపీలు వేరే వేరే చోట్ల పెట్టు. సమాజ శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు దగ్గర ఒక ఊళ్ళో ఉండి ఫీల్డ్‌వర్క్ చేశారు, 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఎవరో నిప్పు పెడితే ఆయన సిద్ధం చేసుకున్న నోట్స్ మూడు కాపీలూ ఒకేచోట కాలిపోయాయి, తర్వాత చాలావరకు జ్ఞాపకం మీదే ఆ ఊరి గురించి పుస్తకం రాయాల్సొచ్చింది.

ఇక నాన్నగారి మాట. ఆయన భయం న్యాయమైందే, ఈ ఒక్క డిగ్రీ చూసి ఎవరూ జాబ్ ఇవ్వరు. కానీ యాప్‌లు చేసే కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ (వాడేవాళ్ళతో మాట్లాడి వాళ్ళ ఇబ్బందులు తెలుసుకోవడం), పబ్లిక్ హెల్త్ ప్రాజెక్టులు, ఎన్జీవోల్లో మానిటరింగ్, మార్కెట్ రీసెర్చ్, వీటన్నిటికీ తెలుగు మనుషులతో కూర్చుని మాట్లాడించి దాన్ని పద్ధతిగా రాయగలిగేవాళ్ళు కావాలి. హైదరాబాద్‌లోనే రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి మీద పనిచేసే ఎన్ఐఆర్‌డీ ఉంది, బేగంపేటలో ఆర్థిక, సామాజిక పరిశోధనలు చేసే సెస్ ఉంది, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ నోటిఫికేషన్లు చూస్తూ ఉండు. ఎక్సెల్, కాస్త స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్‌లో రిపోర్టు రాయడం, ఈ మూడూ పక్కన నేర్చుకుంటే అవకాశాలు బాగా పెరుగుతాయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్లు ఇప్పుడేం కొనకు, ఇంటర్వ్యూల్లో ఒకే రకం సంగతులకి ఒకే రంగు గీత గీసి వేరు చేసుకోవడానికి మొదటి ప్రాజెక్టుకి రంగు పెన్నులు చాలు.

ఆ ఐదుగురినీ వదిలెయ్యకుండా వాళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్ళు, ఈసారి ప్రశ్నల కాగితం ఇంట్లో పెట్టి వెళ్ళు. ఒక ఇంటర్వ్యూ పూర్తిగా టైప్ చేసి, పేర్లు తీసేసి గైడ్‌కి చూపించు, నాకూ పంపు, ఎక్కడ ఆగాల్సింది, ఎక్కడ ఇంకోటి అడగాల్సింది గీతలు గీసి ఇస్తాను.