ప్రోటీన్ తాగితే కొవ్వు కరుగుతుందా? ఈ నెల మీ ఉత్తరాలకి జవాబులు

ప్రశ్న: మేడమ్, నాకు 29 ఏళ్ళు, మాది నంద్యాల, ఇక్కడ బెంగళూరులో మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నా. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, 90 కేజీలు ఉండేవాణ్ణి. రెండు నెలలుగా పొద్దున టిఫిన్ మానేశా, రాత్రికి రెండు పుల్కాలు, రోజూ గంట ట్రెడ్‌మిల్. 84కి వచ్చా కానీ మూడు వారాలుగా అంకె కదలట్లేదు, మెట్లెక్కితే కాళ్ళు లాగేస్తున్నాయి, జుట్టు కూడా ఊడుతోంది. జిమ్ ట్రైనరేమో రోజుకి మూడు స్కూపులు వే ప్రోటీన్ తాగు, కొవ్వు కరిగిపోద్ది అంటున్నాడు. డబ్బా కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి బాబూ. ముందు మీ ట్రైనర్ చెప్పిన మాట సంగతి చూద్దాం. కొవ్వు కరిగించే గుణం ప్రోటీన్‌కి లేదు, ఒంట్లో ఖర్చయ్యే దానికన్నా తక్కువ కేలరీలు తింటేనే కొవ్వు తగ్గుతుంది, ప్రోటీన్‌లోనూ గ్రాముకి 4 కేలరీలు ఉన్నాయి, అన్నంలో పిండిపదార్థానికీ అంతే, నూనెకైతే 9. మామూలుగా తినేది తింటూనే పైన మూడు స్కూపులు తాగితే ఒళ్ళు పెరిగినా పెరుగుతుంది. మరి బరువు తగ్గేవాళ్ళకి ప్రోటీన్ ముఖ్యం అని నేను ప్రతిసారీ ఎందుకు మొత్తుకుంటానంటే, తగ్గిన బరువులో కొవ్వెంత, కండ ఎంత అన్నది చాలావరకు దానిమీదా, మీరు చేసే వ్యాయామం మీదా ఆధారపడి ఉంటుంది కాబట్టి.

మీ ఆరు కేజీల లెక్కే చూడండి. మొదటి వారం పది రోజుల్లో గబగబా తగ్గింది ఎక్కువగా నీళ్ళే, ఎందుకంటే కండల్లో, లివర్‌లో గ్లైకోజెన్ అని దాచుకున్న పిండిపదార్థం ఉంటుంది, అది తన బరువుకి మూడింతల నీటిని పట్టుకుని ఉంటుంది, తిండి తగ్గించగానే రెండూ కలిసి పోతాయి. ఆ తర్వాత కొవ్వు కరుగుతుంది నిజమే, కానీ మీరు తినే రెండు పుల్కాల్లో ఒంటికి కావలసిన ప్రోటీన్ లేదు, బరువులెత్తే వ్యాయామమూ లేదు, ఇక కండ ఉంచుకోవాల్సిన పనేముంది అన్నట్టు శరీరం దాన్నీ ఖర్చు పెట్టేస్తుంది. మెట్ల దగ్గర కాళ్ళు లాగడానికి ఇదొక కారణం అయ్యుండొచ్చు. జుట్టు కూడా అంతే, తిండి బాగా తగ్గించిన రెండు మూడు నెలలకి ఊడటం మొదలవుతుంది, తిండి సరిపడా తింటే చాలామందికి మళ్ళీ వస్తుంది. అయినా ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి టెస్టులు చేయించుకోండి, అన్నీ ప్రోటీన్ మీదే తోసేయకూడదు.

ఎంత తినాలంటే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాములు. బరువు తగ్గుతూ వ్యాయామం చేసేవాళ్ళకి 1.2 నుంచి 1.6 దాకా ఉంటే కండ నిలబడుతుంది. మీరు చేరాలనుకునే బరువు 70 అనుకుంటే 85 నుంచి 110 గ్రాముల మధ్య అన్నమాట. ఇప్పుడు మీకు అందేది అందులో సగం కూడా ఉండదు. పీజీ సాంబారులో పప్పు ఎంత ఉంటుందో మీకే తెలుసు, గరిటె ముంచితే ములక్కాడ వస్తుంది గానీ పప్పు రాదు.

అందుకని పొద్దున టిఫిన్ మళ్ళీ మొదలుపెట్టండి. మూడు ఉడికించిన గుడ్లు, గ్లాసు పాలు, ఇక్కడికే పాతిక గ్రాములు వస్తుంది (గుడ్డుకి 6 గ్రాములు, తెల్లసొన ఒక్కటే తిని పచ్చసొన పారేయకండి, ప్రోటీన్‌లో దగ్గరదగ్గర సగం అందులోనే ఉంది). మధ్యాహ్నం మీ ఏరియాలో ఆంధ్రా మెస్సులకి కొదవలేదు, అక్కడ ముద్దపప్పు ఇంకోసారి అడిగి వేయించుకుని అన్నం ఒక్కసారే పెట్టించుకోండి, మనవాళ్ళు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు, అన్నం కుప్ప, దానిమీద పప్పు బొట్టు. గట్టిగా వండిన పప్పు పెద్ద కప్పుకి 8 గ్రాముల దాకా వస్తుంది, చివర్లో కప్పు పెరుగు. రాత్రి 150 గ్రాముల చికెన్‌తో 30 గ్రాములు దాటుతుంది, వేపుడు కాకుండా కూరగానో గ్రిల్‌గానో. మాంసం లేని రోజు పనీర్ 100 గ్రాములు, లేదా మీల్‌మేకర్, ఎండువి 40 గ్రాములు నానబెట్టి వండితే 20 గ్రాములు, ఇంత తక్కువ డబ్బుకి ఇంత ప్రోటీన్ ఇచ్చేది ఇంకోటి నాకైతే కనబడలేదు.

ఇంకో లాభం, ప్రోటీన్ అరగడానికే దాని కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చవుతాయి, పిండిపదార్థానికి 5 నుంచి 10, కొవ్వుకి మూడు లోపే. దీంతో ఏదో పది కేజీలు తగ్గరు గానీ ఆకలి త్వరగా వేయదు, రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టాలనిపించదు, అది పెద్ద విషయం.

ట్రెడ్‌మిల్ అరగంటకి తగ్గించి వారానికి మూడు రోజులు బరువులెత్తండి, స్క్వాట్లు, పుషప్పులు, డంబెల్స్, కొంచెం కొంచెం బరువు పెంచుకుంటూ. ఇవి చేయకుండా ఎంత ప్రోటీన్ తిన్నా కండ పెరగదు. వే పౌడర్ విషమేం కాదు, పాల విరుగుడే, స్కూపుకి 20, 25 గ్రాములు వస్తుంది, తిండితో అందనప్పుడు ఒక స్కూపు పర్లేదు, ముందు లేబుల్ మీద చక్కెర ఎంతో చూడండి. కానీ 2024లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి సప్లిమెంట్లు వద్దు, తిండితోనే తీసుకోండి అన్నారు, నా మాటా అదే.

ప్రశ్న: మా అమ్మకి 64 ఏళ్ళు, మేము జేపీ నగర్‌లో ఉంటాం. పూర్తి శాకాహారి, బరువు 72, షుగర్ ఉంది. బరువు తగ్గమన్నారని శనివారం, సోమవారం ఒంటిపూట ఉంటోంది, రోజూ రాత్రి రవ్వ ఉప్మా. నేల మీద కూర్చుంటే లేవలేకపోతోంది. ఈ వయసులో ప్రోటీన్ అవసరమా?

జవాబు: మీకంటే ఆవిడకే ఎక్కువ అవసరం అండీ. వయసుతో పాటు కండ తరిగిపోతూనే ఉంటుంది, తిన్న ప్రోటీన్‌ని కండకి పట్టించుకునే శక్తి కూడా తగ్గుతుంది, అందుకే పెద్దవాళ్ళకి కేజీకి 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలంటారు. ఒంటిపూటలతో బరువు తగ్గొచ్చు గానీ కండ కూడా పోతే నేల మీంచి లేవడం ఇంకా కష్టమవుతుంది. అమ్మగారు ఉపవాసం మానరు, మానమని చెప్పకండి కూడా, ఆ ఫలహారం మార్చండి చాలు. రవ్వ ఉప్మా బదులు పెసరట్టు, గుప్పెడు పెసలు అంటే 50 గ్రాములు నానబెట్టి రుబ్బితే 12 గ్రాముల ప్రోటీన్. కన్నడవాళ్ళు చేసే కోసంబరి కూడా పెట్టండి, నానిన పెసరపప్పులో కీర తురుము, కొంచెం కొబ్బరి, నిమ్మరసం, పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు. చలికాలంలో ఇక్కడి మార్కెట్ల నిండా అవరెకాళ్ళు వస్తాయి కదా, అంటే అనపగింజలు, వాటిని కూరలో బాగా వేయండి. పప్పూ అన్నం కలిపి తినడం మన పెద్దవాళ్ళు అలవాటు చేసిన మంచి పని, ప్రోటీన్ అమినో ఆమ్లాలు అనే చిన్న చిన్న ముక్కలతో తయారవుతుంది, వాటిలో బియ్యంలో తక్కువుండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువుండే మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది.

షుగర్ మాత్రలు వాడుతుంటే ఒంటిపూట రోజుల్లో డోసు ఎలాగో డాక్టర్‌ని తప్పకుండా అడగండి. వాకింగ్ ఒక్కటే చాలదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు చేయించండి, మోకాళ్ళు మరీ నొప్పిగా ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.

ప్రశ్న: నేను జిమ్ కోసం ఎక్కువ ప్రోటీన్ తింటున్నా. ఇంట్లో నాన్నగారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) ఎక్కువుంది. అందరం అదే వంట తినొచ్చా?

జవాబు: వద్దు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి నేను పైన చెప్పిన మోతాదుతో ఇబ్బంది ఉండదు, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి చాలాసార్లు ప్రోటీన్ తగ్గించమంటారు, డయాలసిస్ మొదలయ్యాక మళ్ళీ పెంచమంటారు. నాన్నగారి గిన్నె వేరు, ఆ కొలత నెఫ్రాలజిస్టే (కిడ్నీ డాక్టరే) చెప్పాలి. మీరు కూడా ఒకసారి క్రియాటినిన్ చూపించుకోండి.

ప్రశ్న: ప్రోటీన్ కోసం సాయంత్రం ఆఫీసులో పావుకేజీ పల్లీలు తింటున్నా, బరువు తగ్గట్లేదేంటి?

జవాబు: 100 గ్రాముల పల్లీల్లో ప్రోటీన్ 25 గ్రాములే, కేలరీలు మాత్రం 560 పైనే. పావుకేజీ అంటే 1400, దాదాపు రోజంతటి భోజనం అక్కడే అయిపోతోంది. గుప్పెడు చాలు, ఇంకా ఆకలిగా ఉంటే ఉడికించిన శనగలు తినండి.