ఐస్ దొరకని రోజుల్లో ఇంట్లో ఐస్ హాకీ స్టిక్‌హ్యాండ్లింగ్, పాసింగ్: మా బేస్‌మెంట్ అనుభవం

మీ బాబుకి తొమ్మిదేళ్లు, ఐస్ హాకీ ఆడుతున్నాడు, రింక్‌లో ఐస్ వారానికి రెండుసార్లే దొరుకుతోంది, పక్ (బంతి బదులు వాడే గుండ్రటి రబ్బరు బిళ్ల) దగ్గరికి రాగానే తల దించేసి కంగారు పడుతున్నాడు అని రాశారు. స్టిక్‌హ్యాండ్లింగ్‌కి, అంటే పక్‌ని స్టిక్‌తో అదుపులో తిప్పడానికి, పాసింగ్‌కి ఇంట్లో ఏం చేయించాలి, ఏం కొనాలి అని అడిగారు. మేం కెనడాలోని కాల్గరీలో ఉంటాం. మా అమ్మాయి ఏడో ఏట హాకీ మొదలుపెట్టింది, ఇప్పుడు పదమూడు. తన చేతులు కుదిరింది చాలావరకు మా బేస్‌మెంట్ సిమెంటు నేల మీదే. అందుకే ధైర్యంగా చెప్తున్నాను: ఏదైనా కొనేముందు ఇంట్లో వాడే స్టిక్ పొడవు చూడండి.

మేం చేసిన పెద్ద పొరపాటు అక్కడే. రింక్‌లో వాడే స్టిక్‌నే ఇంట్లోనూ ఇచ్చేశాం. స్కేట్స్ వేసుకుంటే పిల్లలు కొన్ని సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతారు, స్టిక్ ఆ ఎత్తుకి సరిపోయేలా కోసి ఉంటుంది. మామూలు బూట్లతో అదే పట్టుకుంటే పొడుగైపోతుంది. మోకాళ్లు వంచితే పై చేతి (స్టిక్ పై చివర పట్టుకున్న చేతి) మోచెయ్యి పక్కటెముకలకి తగిలి ఆగిపోతుంది, స్టిక్ బ్లేడ్ (పక్‌ని తాకే అడుగు భాగం) కొన నేల మీంచి లేస్తుంది. దాంతో మా అమ్మాయి నిటారుగా నిలబడి ఆడటం అలవాటు చేసుకుంది. ఒక సీజనంతా అలా గడిచాక గానీ వాళ్ల కోచ్ పట్టుకోలేదు. ఆ అలవాటు పోగొట్టడానికి ఇంకో సీజన్ పట్టింది. ఇప్పుడు తనకి పొట్టిదైపోయిన పాత స్టిక్‌ని ఇంటికి వాడుతున్నాం. బూట్లతో నిలబడితే గడ్డం దాకా వస్తే చాలు. పైగా సిమెంటు నేల బ్లేడ్‌ని అరగదీసేస్తుంది, మంచి కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ కలిపి చేసిన) స్టిక్‌ని దాని మీద పాడుచేసుకోకండి.

ఇక చేతుల సంగతి. నేను సికింద్రాబాద్‌లో చదువుకునే రోజుల్లో స్కూల్ టీంలో మట్టి గ్రౌండ్ మీద హాకీ ఆడాను. మన హాకీ స్టిక్‌కి ఒకవైపే చదునుగా ఉంటుంది, బంతిని అటూ ఇటూ తిప్పాలంటే స్టిక్‌నే తిప్పాలి. తిప్పేది పైనున్న ఎడమ చెయ్యి. కుడి చెయ్యి స్టిక్‌ని గొట్టంలా వదులుగా పట్టుకుని ఉంటుంది, అంతే. ఐస్ హాకీలో బ్లేడ్ రెండు వైపులా వాడతారు కాబట్టి మొదట్లో ఇది వేరే విద్య అనుకున్నాను. కానీ మా అమ్మాయి చేతులు దగ్గరగా గమనిస్తే అసలు కీలకం ఒకటే. పై చేతి మణికట్టు తిరగాలి, దాంతో బ్లేడ్ పక్ మీదకి కప్పినట్టు వాలాలి, కింది చెయ్యి అడ్డు రాకూడదు. చిన్నపిల్లలు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు. కింది చేత్తో బిగించి పట్టి, చీపురుతో ఊడ్చినట్టు నెడతారు.

దీనికి మాకు బాగా పనికొచ్చింది పేపర్ టవల్ అయిపోయాక మిగిలే అట్టగొట్టం. స్టిక్‌కి తొడిగి, కింది చేత్తో ఆ గొట్టాన్ని మాత్రమే పట్టుకోమనండి. గొట్టం లోపల స్టిక్ తిరుగుతూ ఉంటే పై చెయ్యి పని చేస్తున్నట్టు లెక్క. తర్వాత కింది చెయ్యి పూర్తిగా తీసేసి, పై చేత్తో ఒక్కదానితోనే రెండు నిమిషాలు. చెయ్యి నొప్పి పుడుతుంది, మొదట్లో అరనిమిషం చాలు. మోచెయ్యి ఒంటికి దూరంగా, మోకాళ్లు వంచి, చేతికి హాకీ గ్లోవ్స్ వేసుకునే చెయ్యాలి. గ్లోవ్స్ లేకుండా వచ్చిన ఒడుపు గ్లోవ్స్ వేసుకోగానే సగం పోతుంది.

తల దించే సమస్యకి నేను చేసింది చెప్తాను. తను బాల్ (ఇంట్లో పక్ బదులు ఎక్కువగా అదే) తిప్పుతుంటే ఎదురుగా నిలబడి వేళ్లు చూపించేదాన్ని, ఎన్నో తెలుగులో చెప్పాలి. అది తేలికైపోయాక ఎక్కాలు మొదలుపెట్టాం. స్టిక్ ఆగకూడదు, చూపు నా మొహం మీంచి దిగకూడదు, ఏడో ఎక్కం పూర్తవ్వాలి. మొదటి వారం ఏడు మూళ్ల దగ్గరే బాల్ పారిపోయేది. ఇప్పుడు పదమూడో ఎక్కం కూడా వచ్చు. బాల్‌ని కళ్లతో కాకుండా చేతులతో తెలుసుకోవడం మొదలైంది ఆ ఎక్కాలతోనే, నాకు ఇందులో అనుమానం లేదు.

బాల్ విషయంలో ఒక జాగ్రత్త. పక్ బరువు 156 నుంచి 170 గ్రాములు. గోల్ఫ్ బాల్ 46 గ్రాముల లోపే, అంటే మూడో వంతు కూడా ఉండదు. చేతుల వేగానికి గోల్ఫ్ బాల్ మంచిదే, కానీ రోజూ దాంతోనే ఆడితే ఐస్ మీద పక్ రాయిలా అనిపిస్తుంది. మేం కాసేపు గోల్ఫ్ బాల్, కాసేపు చెక్క బాల్ వాడతాం. మామూలు పక్ సిమెంటు మీద పట్టేసి అంచు మీద దొర్లుతుంది. పాసింగ్‌కి గ్రీన్ బిస్కెట్ అనే పక్ దొరుకుతుంది, నున్నటి నేల మీద పడుకునే జారుతుంది. నేల గరుకుగా ఉంటే హార్డ్‌వేర్ షాపులో గోడలకి వేసే నున్నటి తెల్ల ప్యానెల్, నాలుగడుగుల వెడల్పు ఎనిమిదడుగుల పొడవుది, ఒకటి తెచ్చి పరవండి.

పాసింగ్‌కి గోడ వారగా ఒక బరువైన చెక్క దిమ్మె అడ్డంగా పెట్టి, దాని ముందు రబ్బరు పట్టీ బిగించి కడితే పక్ తిరిగి వస్తుంది. బ్లేడ్ మడమ, అంటే కర్రకి అతికిన చివర, దగ్గర మొదలుపెట్టి కొన దాకా పక్‌ని బ్లేడ్ మీద దొర్లిస్తూ పంపాలి, కొట్టకూడదు. చప్పుడు వింటే తెలిసిపోతుంది: టప్ మంటే కొట్టాడు, సర్ మంటే పంపాడు. అందుకునేటప్పుడు బ్లేడ్‌ని కొంచెం వెనక్కి ఇవ్వాలి, ఎవరైనా విసిరిన కోడిగుడ్డు పట్టుకున్నట్టు.

కానీ చెక్క దిమ్మె కన్నా మీరే మంచి జోడీ. చెక్క ఎప్పుడూ నేరుగా తిప్పి పంపుతుంది. ఆటలో పాస్ అలా రాదు. కాళ్ల మధ్యకి వస్తుంది, వెనక్కి వస్తుంది, ఎగురుతూ వస్తుంది. నేను కావాలనే చెడ్డ పాస్‌లు ఇస్తాను. అమ్మాయి బూటుతో ఆపి బ్లేడ్ మీదకి తెచ్చుకోవడం, బ్లేడ్ వెనకవైపుతో (బ్యాక్‌హ్యాండ్) అందుకోవడం అలాగే నేర్చుకుంది. మీకు ఆట రాకపోయినా పర్వాలేదు, ఒక పాత స్టిక్ పట్టుకుని ఎదురుగా నిలబడండి.

ఖరీదైన సామాను లేదని బెంగ వద్దు. ఐస్ హాకీ స్టార్ సిడ్నీ క్రాస్బీ చిన్నప్పుడు కెనడా నోవా స్కోషియా రాష్ట్రంలోని కోల్ హార్బర్‌లో, ఇంటి బేస్‌మెంట్‌లోనే షాట్లు కొట్టేవాడు. గురి తప్పిన పక్‌లతో సొట్టలు పడ్డ అక్కడి బట్టల డ్రయ్యర్‌ని తర్వాత మ్యూజియంలో పెట్టారు. ఒంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్‌లో ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీకి వాళ్ల నాన్న పెరట్లో నీళ్లు పోసి రింక్ కట్టి, డబ్బాల మధ్యలోంచి పక్ తిప్పించేవాడు.

రోజుకి పది, పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం గంట చేయించి వారమంతా వదిలేస్తే మాకు ఏమీ నిలవలేదు. స్కేటింగ్ మాత్రం బేస్‌మెంట్‌లో రాదు, దానికి ఐస్ కావాల్సిందే. ఇంకొకటి, నేల మీద నెట్టినంత బలం ఐస్ మీద వాడితే పక్ చేజారిపోతుంది. మీ బాబుని రింక్‌లోకి దిగగానే ఒక మూలకి వెళ్లి, అదే ఎక్కం చెప్పుకుంటూ రెండు నిమిషాలు పక్ తిప్పుకోమనండి. మా అమ్మాయి ఇప్పటికీ అలాగే చేస్తుంది, పెదాలు కదులుతూ కనిపిస్తాయి.