చదువవగానే ఫార్మా కన్సల్టెంట్ కావచ్చా?

ప్రశ్న: ఎం.ఫార్మసీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మందుల కంపెనీలకు క్వాలిటీ విషయాల్లో సలహాలిచ్చే కన్సల్టెంట్‌గా స్థిరపడాలని ఉంది. ఉద్యోగం చేయకుండా నేరుగా మొదలుపెట్టొచ్చా? ఏ కోర్సులు చేయాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: నేరుగా వద్దమ్మా. అమెరికాకు మందులు పంపే కంపెనీ కన్సల్టెంట్‌ను పెట్టుకుంటే, ఆ మనిషి చదువు, శిక్షణ, అనుభవం పనికి సరిపోవాలి. పేరు, చిరునామా, అర్హతలు, చేసిన పని రికార్డులో ఉండాలి. అక్కడి మందుల తయారీ నియమాల్లోని 21 సీఎఫ్ఆర్ 211.34 నిబంధన ఇదే చెబుతుంది. ఇన్‌స్పెక్టర్ ఆ ఫైలు తెరిస్తే మీ పట్టా ఒక్కటే కనబడితే కంపెనీకే ఇబ్బంది.

పదేళ్ళు పెట్టుకోండి. మొదటి రెండేళ్ళు క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యతను పరీక్షించే చోట గడపాలి. మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పీక్ ఇంటిగ్రేషన్ (గ్రాఫు శిఖరాలను లెక్కగట్టడం), ఆడిట్ ట్రయల్ (ఎవరు ఏం మార్చారో చూపే కంప్యూటర్ రికార్డు), ఫలితం పరిమితి దాటినప్పుడు జరిగే ఓఓఎస్ దర్యాప్తు చేత్తో చేస్తేనే అర్థమవుతాయి. డేటాను దిద్దేసే తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. తర్వాత మూడేళ్ళు, తయారీ జరుగుతుండగానే నాణ్యత చూసే ఐపీక్యూఏ: లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్ అవశేషాలు లేవని చూడడం), డీవియేషన్లు (పద్ధతి తప్పిన సందర్భాలు), బ్యాచ్ రికార్డుల పరిశీలన. షిఫ్టులకు జడిసి చాలామంది డాక్యుమెంటేషన్ సెల్‌లోనే ఉండిపోతారు. అలాంటివాళ్ళు రాసే ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో చెప్పే పత్రం) చదవడానికి ముచ్చటగా ఉంటుంది, మందు పొడిని గుళికలుగా మార్చే గ్రాన్యులేషన్ గదిలో ఆపరేటర్‌కు మాత్రం కొరుకుడు పడదు. ఆపైన వ్యాలిడేషన్, అంటే వ్యవస్థలు ప్రతిసారీ సరిగా పనిచేస్తాయని రుజువు చేయడం: నీటి సిస్టమ్, ఏసీ గాలి వ్యవస్థ, క్లీనింగ్ వ్యాలిడేషన్. చివరి రెండు మూడేళ్ళు నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ విభాగంలో ఉండి, ఇన్‌స్పెక్టర్ ఎదుట కూర్చుని జవాబు చెప్పే అనుభవం సంపాదించాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, తనిఖీలో కనబడిన లోపాల జాబితా (ఫారం 483) ఇచ్చాక 15 పనిదినాల్లో జవాబు పంపాలి. ఆ 15 రోజుల్లో కారణం వెతకడం, కాపా (లోపాన్ని సరిదిద్ది, మళ్ళీ రాకుండా చూసే ప్రణాళిక) రాయడం, గడువులు ఒప్పించడం చేసినవాళ్ళకే తర్వాత పిలుపులు వస్తాయి.

కోర్సులకు తొందర లేదు. అమెరికాలోని నాణ్యతా నిపుణుల సంస్థ ఏఎస్‌క్యూ, మందుల తయారీ ప్రమాణాలపై పెట్టే సీపీజీపీ పరీక్ష ఐదారేళ్ళ అనుభవం తర్వాత రాస్తే ఉపయోగం. ఇప్పుడు డబ్బు పోసి సర్టిఫికెట్లు పోగేయడం దండగ.

ఈలోగా ఒక దారి ఎంచుకోండి: మాత్రలా, ఇంజెక్షన్లా, బల్క్ డ్రగ్సా (మందుల ముడిపదార్థాలు). ఇంజెక్షన్లకు కావాల్సిన స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) పని తెలిసినవాళ్ళు తక్కువ, నేర్చుకోవడమూ కష్టం. చిన్న కంపెనీలకు కూడా ఇప్పుడు సలహా అవసరం పెరిగింది. 2023 డిసెంబర్‌లో నోటిఫై చేసిన కొత్త షెడ్యూల్ ఎం (మన దేశంలో మందుల తయారీ ప్రమాణాలు) ప్రకారం క్వాలిటీ రిస్క్ మేనేజ్‌మెంట్, ఉత్పత్తుల వార్షిక సమీక్ష లాంటివి వాళ్ళూ చేయాలి. రూ.250 కోట్ల టర్నోవర్ దాటని యూనిట్లకు మొదట ఏడాది గడువిచ్చి, దరఖాస్తు పెట్టుకున్నవారికి దాన్ని 2025 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి పారిశ్రామిక ప్రాంతాల వైపు మీకు మొదట దొరికే క్లయింట్లు ఇలాంటివాళ్ళే కావచ్చు.

ఫీజు లెక్క ముందే తెలిసి ఉండాలి. ఉదాహరణకు ఏడాదికి 18 లక్షలు మిగలాలి, ప్రయాణం, బీమా, ఆడిటర్ ఖర్చు 3 లక్షలు అనుకుందాం. సుమారు 240 పనిదినాల్లో బిల్లు వేయగలిగేవి 120. మిగతావి క్లయింట్లను కలవడానికి, రిపోర్టులకు, ఖాళీ వారాలకు పోతాయి. 21 లక్షలను 120తో భాగిస్తే రోజుకు 17,500. కొత్తవాళ్ళు నెల జీతాన్ని 25తో భాగించి ధర చెబుతారు, ఏడాది తిరక్కుండానే మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటారు. నిబంధనలకు, ప్లాంట్‌లో జరిగేదానికి తేడా వెతికే గ్యాప్ ఆడిట్‌కు సైట్‌లో మూడు రోజులైతే రిపోర్టుకు రెండు, మొత్తం ఐదు రోజుల కొటేషన్ ఇవ్వాలి. 40 శాతం అడ్వాన్స్, 40 రిపోర్టు రోజున, 20 సందేహాలు తీర్చాక. ఏ బ్లాకు చూస్తారో, ఎన్నిసార్లు రిపోర్టు సవరిస్తారో కాగితం మీద లేకపోతే 'ఇది కూడా చూడండి మేడమ్' అంటూ పని సాగుతూనే ఉంటుంది.

చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి. సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లులను రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పదు, బిల్లు మీద 18 శాతం. క్లయింటు బిల్లులోంచి ముందే పట్టుకునే పన్నును (టీడీఎస్) ఆదాయపు పన్ను శాఖ రికార్డుతో సరిచూసుకోవాలి.

ఇక రెండు ఉచ్చులు. పాత కంపెనీ ఎస్‌ఓపీలను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పేరు మార్చి ఇవ్వడం మొదటిది. కొత్త చోట లేని మెషీన్ పేరు అందులో మిగిలిపోతుంది. పైగా పాత యాజమాన్యంతో చేసుకున్న రహస్య ఒప్పందం మెడకు చుట్టుకుంటుంది. రెండోది మరీ ప్రమాదం: ఆడిట్ ముందు రోజు 'పాత తేదీలతో లాగ్‌బుక్ నింపించండి' అంటారు. కుదరదని ఈమెయిల్‌లో రాసి, నింపని రికార్డును డీవియేషన్‌గా నమోదు చేయమనండి. వినకపోతే అడ్వాన్స్‌లో పనిచేసిన రోజులు పోను మిగతాది తిరిగిచ్చి వచ్చేయండి.

ప్రస్తుతానికి క్యాంపస్‌లో రెండు ఆఫర్లు వస్తే, జీతం కొద్దిగా తక్కువైనా అమెరికా లేదా యూరప్ ఇన్‌స్పెక్షన్లు జరిగే ప్లాంట్‌లో క్యూసీ ఉద్యోగమే తీసుకోండి. ఇంటర్వ్యూలో 'ఇక్కడికి చివరిసారి ఏ ఏజెన్సీ వచ్చింది, ఎప్పుడు?' అని అడగొచ్చు, తప్పేమీ లేదు.