నాలుగేళ్ల బాబు కుదురుగా కూర్చోడు... ట్యూషన్ పెట్టించాలా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ల రెండు నెలలు, ఎల్‌కేజీ. క్లాసులో ఐదు నిమిషాలు కూడా కూర్చోడని, రాయడని టీచర్ అంటున్నారు. ఇంట్లో రెండు మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. టీవీకి మరీ దగ్గరగా వెళ్లి నిలబడతాడు. జలుబు తరచూ చేస్తుంది. పక్కింటి పాప వంద దాకా అంకెలు రాసేస్తోంది. ట్యూషన్ పెట్టించాలా, ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూల్‌కు మార్చాలా? ఇప్పుడే వెనకబడితే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ట్యూషన్, స్కూల్ మార్పు రెండూ పక్కన పెట్టి ముందు బాబు చెవులు చూపించండి.

పిలిస్తే పలకడు, టీవీ దగ్గరికి వెళ్తాడు, జలుబు తగ్గదు. మీరు మామూలుగా రాసేసిన ఈ మూడు మాటలే నన్ను ఆపాయి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కొందరికి కర్ణభేరి వెనక జిగురు లాంటి నీరు చేరుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కారదు. అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. దగ్గరగా మాట్లాడితే వింటాడు, నలభై మంది గోలలో టీచర్ చెప్పేది సగమే అందుతుంది. సగమే విన్న పిల్లాడు లేచి తిరగక ఏం చేస్తాడు? ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర, ఆ నీరు ఉందో లేదో చూసే టింపనోమెట్రీ అనే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. ఆ నీరు చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే పోతుంది, పోకపోతే చికిత్స ఉంది. టీవీ సంగతి కళ్ల వల్ల కూడా కావచ్చు, అవీ చూపించండి. రక్తం కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో పది మందికి ఏడుగురిలో రక్తహీనత ఉంది. ఒంట్లో ఐరన్ తక్కువైతే ధ్యాస నిలవదు. ప్రైవేటులో ఖర్చు అనుకుంటే వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంలో పిల్లల విభాగంలో అడగండి.

ఈలోపు చుట్టాలెవరైనా ‘హైపర్’ అంటే పట్టించుకోకండి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం ఉండే సమస్య) అనాలంటే ఆ లక్షణాలు ఆరు నెలలకు మించి, ఇంట్లోనూ బడిలోనూ, వయసుకు మించి కనిపించాలి. ఒకవేళ అదే అని తేలినా ఈ వయసులో మందుల కంటే ముందు అమ్మానాన్నలకే శిక్షణ ఇస్తారు.

రాయడం గురించి ఇంత దిగులెందుకో నాకు అర్థం కాదు. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకల్లో నాలుగేళ్లకు దాదాపు సగమే గట్టిపడి ఉంటాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దాకా ఆటపాటలతోనే నేర్పమంటోంది. మీరు సకినాలు చుట్టేటప్పుడు ఒక పిండిముద్ద వాడి చేతిలో పెట్టండి. మీ వేళ్లు చూస్తూ మెలిపెట్టబోతాడు, తెగిపోతుంది. మళ్లీ ముద్ద చేసి మళ్లీ మొదలుపెడతాడు. పక్కన తెల్లపిండి చల్లుకున్న నేల సంగతి మీరు చూసుకోవాలి మరి! అట్లా ఎంతసేపు కూర్చున్నాడో గమనించండి. పది నిమిషాలు దాటితే వాడికి ధ్యాస ఉన్నట్టే. బతుకమ్మకు తంగేడు, గునుగు వేరుచేసే పనీ వాడికే ఇవ్వండి. ఫోన్‌లో గంటసేపు కదలకుండా ఉండటాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అక్కడ బొమ్మే వాడిని పట్టి ఉంచుతుంది.

ఇక ఐఐటీ ఫౌండేషన్. జేఈఈలో అడిగేది ఇంటర్ రెండేళ్ల పాఠాలు. ఎల్‌కేజీలో దానికి పునాది ఏం వేస్తారో ఆ బోర్డు పెట్టినవాళ్లే చెప్పాలి. నా దగ్గరికి వచ్చే ఇంటర్ పిల్లల్లో ఎవరు ఎల్‌కేజీలో వంద దాకా రాశారో నేను ఏనాడూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ రాలేదు.

రేపు టీచర్‌తో ఒక్క మాట చెప్పండి: బాబును ముందు వరుసలో కూర్చోబెట్టి, పేరు పెట్టి పిలిచి, వాడు మొహం చూశాకే చెప్పమనండి. చెవి రిపోర్టు వచ్చాక రాయండి, స్కూల్ మాట అప్పుడు మాట్లాడుకుందాం.