నేల మీది బస్తాను ఎత్తే ముందు

చి. శీనుకు,

కిరాణా కొట్టు తెరిచావని, సరుకు దింపుకోవడం, సర్దుకోవడం కూడా నువ్వే చేసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నడుము సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి, పట్టేశాక చెబితే లాభం లేదు.

నడుమును దెబ్బతీసేది బస్తా బరువొక్కటే కాదు, అది నీ ఒంటికి ఎంత దూరంలో ఉందనేది కూడా. రోకలిని మధ్యలో పట్టుకుంటే తేలికే. కొసన పట్టుకుని అడ్డంగా చాపితే మణికట్టు వణుకుతుంది. చేతులు చాపి, నడుం వంచి 25 కిలోల బియ్యం బస్తా లేపితే నడుము కండరాలు దానికి ఎన్నో రెట్లు బలంగా లాగాలి. ఆ ఒత్తిడంతా వెన్నుపూసల మధ్య మెత్తల మీద, అంటే డిస్కుల మీద పడుతుంది. వంగినప్పుడు డిస్కు ముందువైపు నలిగి లోపలి గుజ్జు వెనక్కి, నరాల వైపు జరుగుతుంది. అలా వంగి ఉండగానే పక్కకు తిరిగితే పైనున్న గట్టి నారలు చిట్లే ప్రమాదం ఉంది. బరువుతో వంగి తిరగడం, ఈ మూడూ ఒక్కసారి కలవనీయకు.

అందుకే నా మాటల్లో ముఖ్యమైనది ఇది: బస్తా అసలు నేల మీదికి చేరకుండా చూడు. హమాలీలను గమనించు. లారీలో ఉన్నవాడు అందిస్తే మూటను నేరుగా వీపు మీదికి తీసుకుంటారు, నేల మీంచి ఒక్కడే ఎత్తి భుజానికేసుకోడు. నీ కొట్లో గోడవారగా అడుగున్నర ఎత్తు చెక్క బల్ల వేయించు. బియ్యం, పంచదార, పిండి బస్తాలు దాని మీదే. చెమ్మ కూడా తగలదు. 15 కిలోల నూనె డబ్బాలు నడుమెత్తు అరలో ఉండాలి. తల కన్నా పైన అప్పడాలు, అటుకులు లాంటి తేలిక సరుకే పెట్టు.

నేల మీంచి ఎత్తక తప్పనప్పుడు ముందు బస్తాను నిలబెట్టు, పడుకున్నదాన్ని అలాగే ఎత్తకు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, ఒకటి కాస్త ముందుకు వేసి, బస్తా రెండింటి మధ్యకు వచ్చేలా దగ్గరికి జరుగు. మోకాళ్లు, తుంటి దగ్గర మడిచి దిగు; వీపు గూనిలా వంగకూడదు. పూర్తిగా గొంతుకూర్చోకు, మోకాళ్లు అడ్డొచ్చి బస్తా దూరమవుతుంది. ఒక చేత్తో పై మూల, రెండో చేత్తో దానికి ఎదురు కింది మూల పట్టి, పొట్టకు ఆనించుకో. పొట్ట బిగించి, ఊపిరి వదులుతూ కాళ్ల బలంతో లే. కుదుపు వద్దు. ఒక్కసారిగా లేవలేకపోతే ముందు తొడ మీద ఆనించుకుని ఆపై లే. తిరగాలంటే పాదాలు కదిపి తిరుగు. దించేటప్పుడూ ఇదే వరస. అలసిపోయి దబ్బున వదిలేసే ఆ చివరి క్షణంలో చాలామందికి పట్టేస్తుంది.

వీపు నిటారుగా ఉందో లేదో తెలియాలంటే ఒక కర్ర చాలు. తల వెనక, వీపు పైభాగం, తోకెముక, మూడు చోట్లా తగిలేలా నిలువుగా పట్టుకుని తుంటి దగ్గర వంగు. కర్ర ఎక్కడ ఎడమైతే అక్కడ నువ్వు తప్పుతున్నావన్నమాట. రోజూ పదిసార్లు చెయ్యి.

50 కిలోల పంచదార బస్తా జోలికి ఒక్కడివే పోవద్దు. కుర్రాణ్ణి పిలిచి, ఇద్దరూ చెరోవైపు నిలబడి, ఒకరే లెక్కపెట్టి ఒకేసారి ఎత్తండి. లేదా బస్తాను నిలబెట్టి, కాస్త వాల్చి, రెండు చక్రాల తోపుడు ట్రాలీకి అడుగున ఉండే రేకు పలకను దాని కిందికి దూర్చు. ట్రాలీని లాగడం కన్నా తోయడమే నడుముకు మేలు. 20 లీటర్ల నీళ్ల క్యానుకు పైన పెట్టే చిన్న పంపు కొను, తలకిందులుగా ఎత్తే పనే ఉండదు.

తెల్లారే సరుకు బండి వస్తుంది కదా, ఆ వేళ మరీ జాగ్రత్త. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన గంటలోపు వంగి బరువెత్తితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. కుదిరితే బండిని కాస్త ఆలస్యంగా రమ్మను. గల్లా దగ్గర గంటలకొద్దీ కూర్చుని లేచిన వెంటనే కూడా ఎత్తకు, నాలుగడుగులు నడిచాకే చెయ్యి పెట్టు.

నడుముకు బెల్టు కట్టుకుంటే ఏమీ కాదనుకోకు. దెబ్బ తగలకుండా ఆపుతుందన్న భరోసా లేదు, పైగా ఎత్తకూడనంత బరువు ఎత్తే ధైర్యం ఇస్తుంది.

ఒకవేళ పట్టేస్తే రోజులకొద్దీ మంచం పట్టకు. రెండు మూడు రోజులు బరువులు మానేసి, ఇంట్లోనే మెల్లగా నడుస్తూ, వేడి కాపడం పెట్టుకో. పిల్లల చేత నడుము తొక్కించుకోవడం, ఎవరో పట్టు వదిలిస్తామంటే కుదుపులు పెట్టించుకోవడం వద్దు. నొప్పి కాలి కిందిదాకా జారి తిమ్మిరెక్కితే డాక్టరుకు చూపించు. పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా లేక అదుపు తప్పినా అది నరం నలుగుతోందన్న గుర్తు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ వారంలోనే వడ్రంగిని పిలిచి బల్ల కొలతలు ఇవ్వు. పొడవు గోడను బట్టి, ఎత్తు మాత్రం నీ మోకాలిని బట్టి.

మీ మావయ్య