మరణవార్త చెప్పి వచ్చాక నిద్ర పట్టకపోతే?

పర్లాకిమిడిలో పనిచేసే ఒక స్టాఫ్ నర్సు అడిగారు: "పేషెంటు పోయినప్పుడు ఇంటివాళ్లని ఓదార్చి వచ్చాక నాకు నిద్ర పట్టడం లేదు. నాది పిరికి మనసా?"

కాదు సిస్టర్. అది కూడా దుఃఖమే. నలుగురూ గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే రాశారు. వాళ్లింట్లో పదో రోజుంటుంది, పెద్దకర్మ ఉంటుంది. మనం మాత్రం కళ్లు తుడుచుకుని పక్క మంచం సెలైన్ మార్చాలి.

బరంపురంలో ఉండగా, ఆపరేషన్‌కి ముందు తీసిన ఒకమ్మాయి గాజులు దూదిలో చుట్టి వాళ్లమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత చాలా రోజులు గాజుల చప్పుడు వింటే నా చేతులు వణికేవి. మా సీనియర్ అక్క టీ ఇచ్చి, "చెప్పాలనిపిస్తేనే చెప్పు" అంది. ఆ 'అనిపిస్తేనే' ముఖ్యం. జరిగిన వెంటనే అంతా బలవంతంగా చెప్పించడం మేలు చెయ్యదు.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఇంకో బరువుంది. డాక్టరు ఒడియాలో చెప్తారు, ఆ కబురు తెలుగులో మన నోటితోనే వెళ్లాలి. లోపలికి వెళ్లేముందే ఎవరు ఏం చెప్పాలో డాక్టరుతో రెండు నిమిషాలు అనుకోండి. చెప్పి వచ్చాక ఓ పది నిమిషాలు ఎవరినైనా మీ మంచాలు చూడమనండి, అడగడానికి మొహమాటపడకండి.

రెండు వారాలైనా నిద్ర, ఆకలి కుదుటపడకపోయినా, అసలేమీ అనిపించకుండా పోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రి డ్యూటీలోనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.