బీటెక్ మానేసి ర్యాప్ పాడతానంటున్నాడు: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పని చేస్తున్నాను. మా అబ్బాయి ఒంగోలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతూ, సొంతంగా పాటలు రాసుకుని, ర్యాప్ పాడి యూట్యూబ్‌లో పెడుతున్నాడు. ఇప్పుడు చదువు మానేసి హైదరాబాద్ వెళ్తానంటున్నాడు. ఆల్బమ్ చేసిపెట్టడానికి అక్కడి సంస్థ ఒకటి లక్షన్నర అడిగిందట. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన నాలుగు పాటలూ విన్నాను, వాటి సంగతి చివర చెబుతాను. ముందుగా తేల్చవలసింది లక్షన్నర విషయం. ఆ డబ్బు ఇవ్వకండి. పాట మీద నమ్మకమున్న సంస్థ గాయకుడికే అడ్వాన్సు ఇచ్చి హక్కులు అడుగుతుంది. గాయకుడి దగ్గర డబ్బు తీసుకుని, పైగా హక్కులు కూడా తమ పేర రాయించుకునేవారికి ఆ పాట నలుగురూ విన్నా వినకపోయినా ఒకటే, ఎందుకంటే వారి లాభం మొదటి రోజే చేతికందింది. ఒక మోస్తరు మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), హెడ్‌ఫోన్లు కలిపి ఇరవై పాతిక వేలలో వస్తాయి. రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ఉచితమైనవీ ఉన్నాయి. గది గోడలకు బొంతలు వేలాడదీస్తే గొంతు రికార్డు చేయడానికి సరిపోతుంది (కటింగు మెషిన్ల చప్పుడు వినపడని గది మీ ఊళ్లో దొరకాలి గానీ). మిక్సింగు (గొంతునూ వాద్యాలనూ సరైన పాళ్లలో కలపడం) మాత్రం తెలిసినవారికి పాటకు ఇంత అని ఇచ్చి చేయించుకోవడం మేలు. పూర్తయిన పాటను స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్ వంటివాటికి చేర్చే డిస్ట్రిబ్యూటర్లు ఏడాదికి కొద్ది మొత్తమో, రాబడిలో వాటానో తీసుకుంటారు.

స్వతంత్రంగా పాడే యువకులు ఎక్కువగా దెబ్బతినేది బీటు దగ్గర, అంటే ర్యాప్ వెనక మోగే వాద్య సంగీతం దగ్గర. యూట్యూబ్‌లో ఉచితమని కనిపించే బీటు చాలాసార్లు డబ్బు సంపాదించని వాడకానికి మాత్రమే ఉచితం; దాని మీద పాడిన పాటకు ఆదాయం మొదలైన నాడు బీటు చేసినవారి తరపున కంటెంట్ ఐడీ (ఇతరుల సంగీతాన్ని గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు) క్లెయిము వచ్చి, ఆ రాబడి అటు మళ్లిపోవచ్చు. లీజుకు తీసుకున్న బీటునైతే మరో పదిమంది కూడా తీసుకుని ఉంటారు, పైగా పాటను ఇన్నిసార్లు వినేవరకే అనే పరిమితి కూడా ఉండవచ్చు. అందువల్ల మీ అబ్బాయి ఇప్పటివరకు ఏ బీటు ఎక్కడ తెచ్చాడో, ఏ షరతు మీద తెచ్చాడో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టమనండి. బీట్లు చేసే స్నేహితుడు కాలేజీలోనే ఉంటే ఇంకా మంచిది. అప్పుడు కూడా ఎవరి వాటా ఎంతో కాగితం మీద పెట్టుకోవాలి. స్నేహితుల మధ్య కాగితమెందుకని అబ్బాయి నొచ్చుకోవచ్చు, అయినా రాయించండి.

కాగితం మాట వచ్చింది కనుక చట్టం సంగతి కూడా చెప్పాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికి ఒక హక్కు, బాణీకి ఒక హక్కు, రికార్డింగుకు వేరే హక్కు ఉంటాయి. మొదటి రెండూ సృష్టించినవారి జీవితకాలమంతా, ఆపైన 60 సంవత్సరాలు నిలుస్తాయి. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతోనే జరగాలి. గడువు రాయకపోతే అది అయిదేళ్లకేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమని చట్టం భావిస్తుంది. సంస్థలు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని తప్పకుండా రాయించుకునేది అందుకే. ఆ రెండు మాటలు కనిపించిన చోట సంతకానికి ముందు వకీలుకు చూపించండి. 2012 సవరణ తరువాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ వదులుకోలేరు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సొసైటీ ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). పాటలు విడుదలయ్యాక అబ్బాయి అందులో సభ్యత్వం తీసుకోవాలి.

ఇక రాబడి. యూట్యూబ్ ప్రకటనల ఆదాయానికి సాధారణంగా 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. అది దాటినా మొదటి సంవత్సరాల్లో వచ్చేది ఫోను ఖర్చులకు మించదనుకోండి. ఈ రంగంలో చాలామందికి అన్నం పెట్టేది కాలేజీ ఉత్సవాలు, పెళ్లి వేదికలు, దుకాణాల ప్రకటనలు, ఎన్నికల ప్రచార పాటలు. అవి ఒంగోలు, నెల్లూరు, కావలిలోనూ దొరుకుతాయి, కాబట్టి వాటి కోసం హైదరాబాద్‌లో గది అద్దె కట్టనక్కరలేదు.

చదువు మానడం గురించి మాట్లాడితే మన ప్రాంతంలో పిల్లలు గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పేరు ముందుకు తెస్తారు. ఆయన అనంతపురంలో ఇంజనీరింగ్ వదిలిన మాట నిజమే, అయితే టైఫాయిడ్ వల్ల వదిలి, తరువాత మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజనీరింగ్ కోర్సులోనే చేరారు. చదువుకుంటూనే పోటీల్లో పాడుతూ సంగీత దర్శకుడు కోదండపాణి గారి దృష్టిలో పడ్డారు, 1966లో తొలి సినిమా పాట పాడారు. ఆనాడు ఒక సంగీత దర్శకుడు తలుపు తీస్తేనే లోపలికి వెళ్లగలిగేవారు కనుక మద్రాసులో ఉండక తప్పలేదు. మీ అబ్బాయి పాటను ఒంగోలు హాస్టలు నుంచి విడుదల చేయగలడు కనుక ఊరు మారవలసిన తొందర లేదు. డిగ్రీ పూర్తయ్యే వరకు రెండు నెలలకు ఒక పాట చొప్పున విడుదల చేయమనండి, ఆ పాటల ఖర్చు మీరు భరించండి. అతను కూడా ఏ సెమిస్టరూ ఫెయిల్ కాకుండా చూసుకోవాలి. ఈ ఒప్పందాన్ని మీరు మధ్యలో మార్చకండి.

చివరగా ఆ నాలుగు పాటలు. మూడింటిలో అతను హైదరాబాదీ మాట తెచ్చిపెట్టుకున్నాడు, అది నోట్లో కుదురుగా నిలబడలేదు. నాలుగోదానిలో మాత్రం క్వారీ, లారీలో బ్లాకు కదలకుండా కట్టే గొలుసు, నల్లరాతిలో బంగారు చుక్కలు వచ్చాయి, ఆ చోట యతిప్రాసలు వెతుక్కోకుండానే పడ్డాయి, చతురశ్రంలో (నాలుగేసి లెక్కన) సాగుతున్న నడక తిశ్రంలోకి (మూడేసి లెక్కకు) మారినా తాళం తప్పలేదు. ఆ పాట అతను ఎక్కడ రాశాడో అడగండి. మీ ఫ్యాక్టరీకి మీకు అన్నం క్యారియరు తెచ్చిన రోజుల్లోనే రాసి ఉంటాడని నా ఊహ.